గ్లాసు వదిలేసి మీ మొహం చూస్తున్నాడు

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదేళ్లు. సెలవుల్లో ఫోన్లో చూసి ఇంట్లో రెండు మూడు సైన్సు ప్రయోగాలు చేయించాను. వంటసోడాలో వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. ఇద్దరూ గంతులేశారు. "మళ్లీ, మళ్లీ" అన్నారు. సీసా ఖాళీ అయింది. అంతే, అక్కడితో సరి. "ఎందుకు పొంగింది?" అని అడిగితే బాబు "నువ్వే చెప్పు" అంటాడు. పోనీ "ఇలా చేస్తే ఏమవుతుందో ముందే చెప్పు" అంటే నా మొహం వంక చూస్తూ ఏదో ఒకటి అంటాడు. నా కళ్లు కాస్త పెద్దవైతే చాలు, మాట మార్చేస్తాడు. తప్పు చెబుతానేమోనని భయం. పాప మాత్రం నోటికొచ్చింది చెప్పేస్తుంది. నేను చదివింది కామర్స్. వాళ్లు అడిగేవాటికి నాకే జవాబులు తెలియవు, అదో టెన్షన్. పుస్తకంలో రాసినట్టు జరగకపోతే ఏం చెప్పాలో అసలే తెలియదు. వంటింట్లో ఉన్నవాటితోనే పిల్లలకి నిజంగా చూడటం, ఆలోచించి ముందే అంచనా వేయడం ఎలా నేర్పాలి? తినే వస్తువులు పాడుచేస్తున్నామని మా అత్తగారు కోప్పడుతున్నారు కూడా.
(పేరు వద్దన్న ఒక అమ్మ)

సమాధానం:

మీ ఉత్తరంలో "నా మొహం వంక చూస్తూ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ బాబుకి పరిశీలన రాదని మీరు బాధపడుతున్నారు గానీ, వాడు చాలా బాగా పరిశీలిస్తున్నాడు. గ్లాసుని వదిలేసి మిమ్మల్ని పరిశీలిస్తున్నాడు, అంతే. మీ కళ్లు ఎంత పెద్దవయ్యాయో, కనుబొమ్మ ఎటు కదిలిందో చూసి జవాబు సరిచేసుకుంటున్నాడంటే అది మామూలు చూపు కాదు. వాడికి తెలిసినంతలో పెద్దవాళ్లు ప్రశ్న అడిగారంటే జవాబు వాళ్ల దగ్గర ఉన్నట్టే. బడిలో అంతే, ఇంట్లోనూ అంతే. జవాబు అమ్మ దగ్గరుంటే గ్లాసులోకి తొంగి చూడటం ఎందుకు, అమ్మనే చూస్తే పోలా? వాడి లెక్క సరిగ్గానే ఉంది.

అందుకని మీకు కూడా జవాబు తెలియని ప్రయోగంతో మొదలుపెట్టండి. కామర్స్ చదివానని మీరు మొహమాటపడుతున్నారు, ఈ పనికి అది మంచి సౌకర్యం. నాలాంటి సైన్సు టీచర్లు తెలిసిన జవాబు తెలియనట్టు నటించాలి. అది మహా కష్టం, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఒకటి చెబుతాను. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని, రెండింటిలోనూ ముప్పావు వంతు మామూలు నీళ్లు పోయండి. ఒకదానిలో మూడు చెంచాల ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. కాసేపు వదిలేయండి, రెండు గ్లాసుల్లోని నీళ్లూ ఒకే చల్లదనానికి రావాలి. తర్వాత ఒకే ట్రేలోంచి తీసిన, ఒకే సైజు ఐసు ముక్కలు గ్లాసుకొకటి చొప్పున వేయాలి. ఏ గ్లాసులో ఐసు ముందు కరుగుతుంది? ముక్కలు వేయకముందే ముగ్గురూ తలో కాగితం మీద రాయాలి. పాపకి రాయడం రాకపోతే గ్లాసు బొమ్మ గీసి చూపిస్తుంది. మీ అత్తగారినీ కూర్చోబెట్టండి, ఆవిడ కోపం సగం అక్కడే తగ్గుతుంది. కాగితాలు మడిచి పక్కన పెట్టాకే ఐసు వేయాలి. గ్లాసులు కదపకూడదు, చెంచాతో కలపకూడదు, ఊరికే చూడాలి.

జవాబు ఇక్కడే చెప్పేస్తే మీ మొహం మళ్లీ పుస్తకమైపోతుంది. అందుకని చివర్లో రాస్తాను. చేసి చూశాకే చదవండి.

ఈ పద్ధతిలో రెండు పనులు జరుగుతాయి. కాగితం మీద పడింది కాబట్టి మీ మొహం చూసి మార్చుకునే వీలుండదు. అమ్మ కూడా రాసింది, అమ్మదీ తప్పు కావచ్చు, కాబట్టి తప్పవడం పెద్ద నేరం కాదని మాటల్లో చెప్పకుండానే తెలుస్తుంది. రాయడానికి పెన్సిల్ కాకుండా పెన్ను ఇవ్వండి. చిన్న సంగతే, కానీ చాలా ముఖ్యం. పెన్సిల్ ఇస్తే ఐసు కరుగుతూ ఉండగా రబ్బరు బయటికొస్తుంది. నా తరగతుల్లో ఎన్నిసార్లు చూశానో! ప్రయోగం అయ్యాక అందరి నోటుబుక్కుల్లోనూ అందరి అంచనాలూ ఒప్పే. అలాంటి క్లాసులో ఎవరూ ఏమీ నేర్చుకోలేదని అర్థం.

ఇక అంచనా సంగతి. "తేలుతుంది" అంటే అంచనా కాదు, బొమ్మా బొరుసా ఆట. సగంసార్లు ఎలాగూ సరిపోతుంది. "తేలుతుంది, ఎందుకంటే..." అన్నప్పుడే అది అంచనా. ఆ "ఎందుకంటే" తర్వాత వచ్చేదాంట్లో పిల్లవాడి మనసులో ఉన్న నియమం బయటపడుతుంది. ఆ నియమాన్ని పరీక్షించడానికే మన ప్రయోగం.

తేలడం, మునగడం దీనికి బాగా పనికొస్తాయి. బకెట్లో నీళ్లు నింపి ఒక ద్రాక్ష పండు, ఒక బంగాళదుంప, ఒక యాపిల్, దొరికితే పుచ్చకాయ పక్కన పెట్టండి. తొమ్మిదేళ్ల పిల్లలు చాలామంది "బరువైనవి మునుగుతాయి" అంటారు. మంచి నియమమే, వాళ్లు చూసినంతలో నిజమే కూడా. ద్రాక్ష వేయండి, మునుగుతుంది. అంత చిన్నది! పుచ్చకాయ వేయండి, తేలుతుంది. అంత పెద్దది! ఆ క్షణంలో మీ బాబు మొహం చూడండి, ఈసారి మీరు చూడాల్సింది వాడి మొహమే. అక్కడ మీరు "సాంద్రత" అన్న మాట తేకండి, దయచేసి. ఆ మాట బడిలో ఎలాగూ వస్తుంది. "మరి నువ్వు చెప్పిన నియమం ఏం చేద్దాం?" అని అడిగి ఊరుకోండి. వాడే దాన్ని సవరిస్తాడు. "పెద్దవి తేలుతాయి" అంటాడనుకోండి, అదీ మంచిదే. బంగాళదుంప ఇచ్చి అడగండి, పెద్ద బంగాళదుంప ఏమవుతుంది?

తర్వాత ఒక నారింజ. తొక్కతో తేలుతుంది. ఇప్పుడు తొక్క తీస్తే? తొక్క తీస్తే బరువు తగ్గుతుంది కదా, ఇంకా బాగా తేలుతుందని పెద్దవాళ్లు కూడా రాస్తారు. వేస్తే మునుగుతుంది. తొక్కలో గాలి నిండిన సన్నని ఖాళీలు ఉంటాయి, పండుకి అది ఈతగాడి ట్యూబు లాంటిది. ట్యూబు తీసేస్తే బరువు తగ్గిన మాట నిజమే, కానీ తేల్చే సాయం అంతకంటే ఎక్కువ పోయింది.

ఇది చెబుతుంటే ఒకటి గుర్తొచ్చింది. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి తొక్క తీసిన నారింజ కూడా హాయిగా తేలింది. నలభై మంది పిల్లల ముందు! నాకు చెమట పట్టింది. "ఈ పండు బాగాలేదు" అని ఇంకోటి తీయబోయాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "టీచర్, దీనికి తెల్లటి పొర అంతా అలాగే ఉంది, మధ్యలో బొక్క కూడా ఉంది" అంది. నిజమే, నేను తొందరలో మందపాటి తెల్ల పొర వదిలేశాను, కాయ మధ్యలో ఖాళీ ఉంది. పొర గీకి, తొనలు విడదీసి వేశాం. ఒక్కొక్కటే మునిగాయి. ఆ రోజు అనుకున్నట్టు జరిగి ఉంటే ఆ అమ్మాయి ఆ పండుని చేతిలోకి తీసుకునేదే కాదు. "పండు బాగాలేదు" అన్న నా మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పుస్తకంలో రాసినట్టు జరగకపోతే ఏం చెప్పాలని అడిగారు. ఏమీ చెప్పకండి. "ఏం తేడా ఉంది?" అని వెతకండి. ఐస్‌క్రీమ్ కథ ఒకటి పిల్లలకి చెప్పవచ్చు. 1963లో టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడి పిల్లవాడు తోటివాళ్లతో కలిసి ఐస్‌క్రీమ్ చేస్తున్నాడు. పాలు, పంచదార కాచి, చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టాలి. ఫ్రీజర్‌లో చోటు దొరకదేమోనని కంగారుపడి తనది వేడివేడిగానే పెట్టేశాడు. తీరా చూస్తే చల్లటిది పెట్టిన వాడికంటే ఇతనిదే ముందు గడ్డకట్టింది. ఎందుకని టీచర్‌ని అడిగితే నువ్వేదో పొరబడ్డావన్నారు. తర్వాత పై క్లాసులో అడిగితే నవ్వారు. అతను మాత్రం వదల్లేదు. బడికి వచ్చిన డెనిస్ ఆస్బోర్న్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్‌ని అందరి ముందూ అదే అడిగాడు. ఆయన నవ్వకుండా వెళ్లి చేసి చూశారు. 1969లో ఇద్దరి పేర్లతో వ్యాసం అచ్చయింది. వేడినీళ్లు ముందు గడ్డకట్టడం నిజంగా జరుగుతుందా, జరిగితే ఎప్పుడు, ఎందుకు అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మీ ఫ్రీజర్‌లో మీరూ చూడవచ్చు. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తే కంగారు పడకండి, వాళ్లకీ అంతే. మరిగే నీళ్ల దగ్గర మాత్రం చెయ్యి మీదే ఉండాలి.

ఇప్పుడు అసలు చూడటం దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అందరూ దీన్ని దాటేసి ప్రయోగాల్లోకి దూకుతారు. మనం చూసింది, చూశామనుకున్నది, ఈ రెండూ వేరని పిల్లలకి తెలియదు. మనకి మాత్రం తెలుసా ఏమిటి?

ఒక చిన్న మోసం చేయండి. పిల్లలు లేనప్పుడు అరటిపండుని రెండు అంగుళాల ముక్క కోసి, తొక్క తీసి, ప్లేటులో కొవ్వొత్తిలా నిలబెట్టండి. బాదం పప్పుని సన్నగా పుల్లలా చీల్చి పైన గుచ్చండి. అదే ఒత్తి. బాదంలో బరువులో దాదాపు సగం నూనే ఉంటుంది, కాబట్టి వెలిగిస్తే ఒకటి రెండు నిమిషాలు చక్కగా మండుతుంది. గదిలో కొంచెం చీకటి చేసి, కాస్త దూరంగా కూర్చోబెట్టి, వెలిగించి, "ఏం కనిపిస్తోందో అన్నీ రాయండి" అనండి. కొవ్వొత్తి వెలుగుతోంది, మైనం తెల్లగా ఉంది, ఒత్తి నల్లబడింది, మైనం కరుగుతోంది అని కూడా రాస్తారు, కరగకపోయినా! రాయడం అయ్యాక ఆర్పండి, ఒత్తి చల్లారనివ్వండి, తర్వాత నింపాదిగా కొరుక్కు తినేయండి.

కేకలు తగ్గాక రాసిన కాగితం తీయమనండి. ఒక్కొక్క వాక్యం చదివి, "ఇది కంటితో చూశావా, అనుకున్నావా?" అని అడగండి. "పసుపురంగు మంట" చూసింది. "తెల్లగా, గుండ్రంగా, నిలువుగా ఉంది" చూసింది. "మైనం" అనుకున్నది. అనుకోవడం తప్పు కాదు. అనుకోకుండా బతకలేం. చూసినదాని పక్కన అనుకున్నది వేరే గడిలో రాయడం అలవాటైతే చాలు. నోటుబుక్కులో నిలువు గీత కొట్టి ఎడమవైపు "చూశాను", కుడివైపు "అనుకుంటున్నాను" అని రాయించండి. మా ఇంట్లో పెద్దవాళ్ల తగాదాలు కూడా ఈ గీతతో కొన్ని తీరాయి, అది వేరే సంగతి.

నిప్పు మీరే వెలిగించాలని వేరే చెప్పక్కర్లేదు. బాదం పడని పిల్లలుంటే ఈ ఆట వద్దు. తర్వాత పిల్లలు కొవ్వొత్తులు కొరక్కుండా ఒక మాట గట్టిగా చెప్పండి: ప్రయోగంలో వాడిన ఏ వస్తువైనా అమ్మ సరే అంటేనే నోట్లోకి.

పాపకి ఇంకా చిన్న ఆట. ఐదు నిమ్మకాయలు గిన్నెలో వేసి ఒకటి ఎంచుకోమనండి. "ఇది నీ నిమ్మకాయ, దీనితో స్నేహం చేసుకో" అని రెండు నిమిషాలివ్వండి. మచ్చ ఎక్కడుంది, ముచ్చిక దగ్గర ఎలా ఉంది, ఎటువైపు సొట్ట ఉంది. తర్వాత గిన్నెలో కలిపేసి వెతకమనండి. దొరికేస్తుంది, ఆశ్చర్యపోతారు. అన్నీ ఒకేలా ఉంటాయనుకున్న కాయల్లో తనది తనకి తెలియడం పాపకి పెద్ద సంబరం. అన్నయ్యకైతే కష్టం పెంచండి: కాయని చూపించకుండా మాటల్లో వర్ణించి రాయాలి, ఆ రాత చదివి మీరు వెతకాలి. "చిన్నగా, పసుపుగా ఉంది" అని రాస్తే మీకు దొరకదు. "ముచ్చిక నుంచి చిటికెన వేలి గోరంత దూరంలో గోధుమరంగు చుక్క" అని రాస్తే దొరుకుతుంది. కొలత ఎందుకు కావాలో అక్కడ వాడికి తెలుస్తుంది. స్కేలు తనే అడుగుతాడు.

పాప నోటికొచ్చింది చెబుతోందని రాశారు. చెప్పనివ్వండి. అది వరం, అన్నయ్యకి పోయింది అదే. ఐదేళ్ల వయసులో ప్రపంచం ఇంకోలా కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896-1980) చేసిన పరీక్ష ఒకటి మీ ఇంట్లో రెండు నిమిషాల్లో చేయవచ్చు. పాప ముందే రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా పళ్లరసం పోయండి. "రెండూ సమానమేనా?" అంటే అవునంటుంది. తన కళ్లముందే ఒక గ్లాసులోది పొడవాటి సన్న గ్లాసులోకి వంచండి. "ఇప్పుడు ఎందులో ఎక్కువుంది?" అంటే పొడవాటిదే అంటుంది, దాదాపు ఏడేళ్లు వచ్చేదాకా చాలామంది పిల్లలు అలాగే అంటారు. ఎంత చెప్పినా ఒప్పుకోదు. మీరు సరిదిద్దే పని పెట్టుకోకండి. అన్నయ్య "అయ్యో, సమానమేనే!" అని నవ్వితే, వాణ్ణి పక్కకి పిలిచి "చెల్లికి అలా ఎందుకు కనిపిస్తోందో నువ్వు కనుక్కో చూద్దాం" అనండి. తప్పు జవాబు వెనక కూడా ఒక కారణం ఉంటుందని తెలిస్తే తన తప్పులంటే భయం కొంత తగ్గుతుంది.

పాప ఓపిక కొద్దిసేపే కాబట్టి వెంటనే ఏదో జరిగేవి ఎంచుకోండి. అప్పుడే మూత తీసిన సోడా గ్లాసులో పోసి నాలుగు ఎండు ద్రాక్షలు వేయండి. మునుగుతాయి. కాసేపటికి పైకి లేస్తాయి, మళ్లీ దిగుతాయి, మళ్లీ లేస్తాయి. "ఇప్పుడు ఏది లేస్తుంది?" అని వేలితో చూపించమనండి. నాలుగైదు సార్లు చూశాక బుడగలు ఎక్కువ అంటుకున్నదాన్నే చూపిస్తుంది. మీరు ఏమీ చెప్పకుండానే! బుడగ నీళ్ల పైకి వచ్చి పగిలిపోతే ద్రాక్ష మునుగుతుంది. లావు ద్రాక్షలు లేవకపోతే సగానికి కోయండి.

అన్నయ్యకి రోజుల తరబడి సాగేవి ఇవ్వండి. నాకు బాగా ఇష్టమైనది గుడ్డు. పచ్చి గుడ్డుని వెనిగర్‌లో మునిగేలా పెడితే పెంకు మీద బుడగలు కడతాయి. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేట్, వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. మర్నాడు వెనిగర్ మార్చాలి. రెండో రోజుకి పెంకంతా పోయి, పల్చటి పొరలో మెత్తగా, వెలుతురుకి పెడితే లోపల పచ్చసొన కనిపించే గుడ్డు మిగులుతుంది. ఇక్కడితో చాలామంది ఆపేసి ఫొటో తీస్తారు. మీరు ఇక్కడ మొదలుపెట్టండి. ఇలాంటివి రెండు తయారుచేసి, దారంతో నడుము చుట్టుకొలత తీసి, ఒకటి మంచినీళ్లలో, ఒకటి చిక్కటి పంచదార పాకంలో పెట్టమనండి. రేపటికి ఏది లావవుతుంది, ఏది చిక్కుతుంది, దారం ఎంత తేడా చూపిస్తుంది? నీళ్లలోది ఉబ్బుతుంది, పాకంలోది ముడుచుకుపోతుంది. ఎందుకంటే ఆ పొర నీటిని రానిస్తుంది, పోనిస్తుంది, పంచదారని మాత్రం రానివ్వదు. నీరు పల్చగా ఉన్న వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకి నడుస్తుంది. ఇది అయ్యాక, "ఉప్పునీళ్లలో వేసిన బంగాళదుంప ముక్క ఏమవుతుంది?" అని అడగండి. వాడు గుడ్డుని గుర్తు తెచ్చుకుని "మెత్తబడుతుంది" అంటే, ఒక చోట చూసినది ఇంకో చోటికి తీసుకెళ్లాడన్నమాట. అక్కడ నేనైతే మెచ్చుకుంటాను. ఆ గుడ్లు తినడానికి పనికిరావు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బ్రెడ్డు బూజు కూడా రోజుల ప్రయోగమే. ఒకే ప్యాకెట్టులోని మూడు ముక్కలు, మూడు జిప్ సంచులు: ఒకటి అలాగే, ఒకదానిలో నాలుగు నీటి చుక్కలు, మూడోది ఫ్రిజ్‌లో. రోజూ ఒకే సమయానికి చూసి బొమ్మ గీయాలి. సంచి తెరవకూడదు, చివర్న సంచితో సహా పారేయాలి. ఇంతకంటే దీని గురించి చెప్పేది లేదు.

సోడా, వెనిగర్ పొంగుని కొట్టిపారేయకండి. దాన్ని తమాషాగా చేస్తే తమాషాగానే మిగులుతుంది. ఈసారి పొంగు ఆగిపోయాక గిన్నె పారబోయకుండా "ఎందుకు ఆగింది? ఏది అయిపోయింది?" అని అడగండి. సోడా అయిపోయిందా, వెనిగర్ అయిపోయిందా? ఎలా తెలుసుకుంటావు? పిల్లలు కాసేపు తల గోక్కుని ఒక చెంచా వెనిగర్ పోసి చూద్దాం అంటారు. మళ్లీ పొంగితే సోడా ఇంకా మిగిలే ఉంది, అయిపోయింది వెనిగరే. పొంగకపోతే చిటికెడు సోడా వేసి చూడటమే. ఒక సీసా వెనిగర్ ఖర్చు కాకుండా రెండు చెంచాలతో ఎంత ఆలోచన! ఒకసారికి ఒక్కటే మార్చాలన్న పాఠం కూడా ఇక్కడే దొరుకుతుంది. రెండూ కలిపి వేసేస్తే పొంగుతుంది గానీ ఏమీ తెలియదు.

మీ అత్తగారి మాట నాకు సబబుగానే అనిపించింది. చెంచాల్లో, ముక్కల్లో చేయండి. నారింజ, యాపిల్, పుచ్చకాయ ప్రయోగం తర్వాత కడిగి తినేయండి. నిమ్మకాయలు వంటకి. గుడ్లు రెండే.

ఇంక మిగిలింది మీ టెన్షన్. వాళ్లు అడిగేదానికి జవాబు తెలియనప్పుడు "నాకూ తెలియదు, ఎలా తెలుసుకుందాం?" అనండి. మొదటి సగం ఒక్కటే అంటే వదిలించుకున్నట్టు ఉంటుంది, రెండో సగం తప్పకుండా కావాలి. జర్మనీలో ఆగ్నెస్ పోకెల్స్ అని ఒకావిడ (పుట్టింది 1862లో) ఉండేది. ఆడపిల్లలకి విశ్వవిద్యాలయాల్లో చోటు లేని రోజులు. ఇంటి పనులు చేసుకుంటూనే, నీటి మీద జిడ్డు పొర ఎలా నడుచుకుంటుందో వంటింట్లోనే గమనించి, కొలిచేందుకు ఒక తొట్టి కూడా సొంతంగా తయారుచేసుకుంది. 1891లో తను చూసినదంతా ఉత్తరంగా రాసి లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్తకి పంపితే, ఆయన దాన్ని నేచర్ పత్రికలో వేయించారు. ఆవిడ పని ఒకటి మీరూ రుచి చూడాలంటే పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లండి, మధ్యలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క తాకించండి. తాకించే ముందు పెన్ను కాగితం మర్చిపోకండి.

మాటల్లో ఒక మార్పు కూడా చేసుకోండి. ప్రయోగం అయ్యాక "కరెక్ట్!" అనీ "తప్పు" అనీ అనడం కొన్నాళ్లు మానేయండి. "నీ కాగితంలో ఏముంది? ఇక్కడేం జరిగింది?" అంతవరకే. మొదటి వారం మీకు నోరు దురద పెడుతుంది. ముఖ్యంగా బాబు "నువ్వే చెప్పు" అన్నప్పుడు. ఓ పది అంకెలు లెక్కపెట్టండి. పిల్లలకి ఆలోచించే సమయం మనకి యుగంలా ఉంటుంది గానీ నిజానికి అది చాలా కొంచెం. లెక్కపెడుతున్నంతసేపూ గ్లాసునే చూడండి, వాణ్ణి చూడకండి. మీరు గ్లాసుని చూస్తుంటే వాడూ గ్లాసునే చూస్తాడు.

ఇక ఐసు. చేయకపోతే ఇక్కడ ఆపేసి వెళ్లి చేసి రండి.

మంచినీళ్లలోని ఐసే ముందు కరుగుతుంది. ఉప్పు ఐసుని కరిగిస్తుందని విన్నాం కాబట్టి పెద్దవాళ్లే ఇక్కడ ఎక్కువ బోల్తా పడతారు. జరిగేది చూడాలంటే ఆహారంలో కలిపే రంగు వేసి ఐసు గడ్డకట్టించి ఇంకోసారి చేయండి. మంచినీళ్లలో కరిగిన రంగునీరు చల్లగా, బరువుగా ఉండి ధారలా కిందికి దిగుతుంది. దాని చోటులోకి గోరువెచ్చటి నీళ్లు వచ్చి ఐసుని తాకుతూ ఉంటాయి. ఉప్పునీళ్లలో అలా కాదు. కరిగిన నీరు ఎంత చల్లగా ఉన్నా ఉప్పునీటి కంటే తేలికే, అందుకని పైనే పొరలా నిలిచి ఐసు చుట్టూ చల్లటి దుప్పటి కప్పినట్టు అవుతుంది. మరి గ్లాసులు కదపొద్దని ఎందుకన్నానో తెలిసింది కదా. చెంచాతో కలుపుతూ ఉంటే ఏమవుతుంది? అది నేను చెప్పను. మీ నలుగురి కాగితాలూ, కొట్టివేతలతో సహా, దిద్దకుండా నాకు పంపండి.